నోటి మీద గళ్లు

కిందటి వారం ఎక్కడ ఆపానంటే, మా ఇంటి గంట మోగింది, తలుపు తీశాను, ఎదురుగా ర్యూగా నిలబడి ఉన్నాడు.

కొత్తగా చదువుతున్నవారి కోసం నాలుగు మాటలు. నా పేరు తజుకో ఇనుయ్. ఒసాకాలో, నది ఇవతల జూసోలో ఉంటాను. పద్నాలుగేళ్లుగా ఇంట్లోనే కంప్యూటరు ముందు కూర్చుని, మగవాళ్లు మగవాళ్ల కోసం నటించే పెద్దల సినిమాల్లో చట్టం చూపించకూడదన్న చోట బొమ్మ ఆనకుండా మసక గళ్లు పెడుతున్నాను. మా ఆయన పోయిన కొత్తలో 'బొమ్మలకు మెరుగులు దిద్దే పని, ఇంటి నుంచే, గృహిణులకు ప్రాధాన్యం' అన్న ప్రకటన చూసి వెళ్లాను. ఏ బొమ్మలో, ఏ మెరుగులో వెళ్లాకే తెలిసింది. పొద్దున్నే పూజామందిరం ముందు కూర్చుని అమిదా బుద్ధుడి పేరు చెప్పుకుంటాను. మందిరం తలుపులు మూసి పక్క గదిలో పనికి కూర్చుంటాను. రెండు గదుల మధ్య ఉన్నది ఒక కాగితపు తలుపు. అది సరిపోతుందా అని మొదటి ఏడాది చాలా ఆలోచించాను. తర్వాత ఆలోచించడం తగ్గించాను.

ర్యూగా అన్నది సినిమా పేరు. అసలు పేరు సెత్సుయా హిగాకి. వయసు ముప్ఫై ఆరు. పదకొండేళ్లుగా మా కంపెనీకి అతనే పెద్ద తార. అతని ప్రతి సినిమా ఒకేలా మొదలవుతుంది. సోఫాలో కూర్చుంటాడు. కెమెరా వెనక నుంచి ఒక గొంతు అడుగుతుంది: నీకు ప్రియురాలు ఉందా? ఉంది, అంటాడు. మరి ఇక్కడికి ఎందుకొచ్చావ్? డబ్బు అవసరమై, అంటాడు. డిస్కు కవరు మీద ఎర్రగా మూడు జపనీసు అక్షరాలు వేస్తారు, నోంకే అని. నోంకే అంటే ఆడవాళ్లను మాత్రమే ఇష్టపడే మగవాడు. ఆ మూడక్షరాలు లేని కవరును అంగట్లో చెయ్యి పెట్టి తీసేవాడు ఉండడని మా ఓనరు ఓగురి గారి నమ్మకం.

మూడు వారాల క్రితం తీసిన ఆఖరి సినిమాలో సెత్సుయా ఆ ప్రశ్నకు వేరే జవాబు చెప్పాడు. నలభై సెకన్లు చెప్పాడు. మాటల భాగం నా దగ్గరికి ఎప్పుడూ రాదు, అందరూ బట్టలతోనే ఉంటారు కనుక. ఈసారి వచ్చింది. ఆ నలభై సెకన్లూ అతని నోటి మీద గళ్లు పెట్టమన్నారు. పెదాల కదలిక కూడా తెలియకూడదన్నారు. మాట వినపడకుండా బీప్ అనే కూత వాళ్లే వేసుకుంటామన్నారు.

నేను పెట్టాను.

నాలుగు రోజులకు, మంగళవారం పొద్దున, అతను మా గుమ్మంలో ఉన్నాడు.

వానాకాలం. గొడుగు నుంచి నీళ్లు కారుతున్నాయి. తెర మీద కనిపించేదానికంటే పొట్టిగా ఉన్నాడు. అతని ఒంటి మీద అపెండిక్స్ కుట్టు ఎక్కడుందో, ఎడమ భుజం కుడి భుజం కంటే ఎంత వాలిందో నాకు తెలుసు. నేనెవరో అతనికి తెలియదు.

"ఇనుయ్ గారి ఇల్లు ఇదేనా అండీ?"

"ఇదే బాబూ."

"నా పేరు హిగాకి. మీ పేరు ఆఫీసులో అమ్మాయి చెప్పింది. మీతో దెబ్బలాడదామని వచ్చాను. లోపలికి రావచ్చా?"

రమ్మన్నాను. గొడుగు దులిపి మూల పెట్టాడు. చెప్పులు విప్పి, వెనక్కి తిరిగి వంగి, మొనలు గుమ్మం వైపు ఉండేలా జత చేసి పెట్టాడు. గదిలోకి వచ్చి పూజామందిరం చూసి ఆగాడు.

"ముందు ఒక అగరొత్తి వెలిగించవచ్చా?"

మా ఆయనకు అగరొత్తి వెలిగించి, చిన్న గంట కొట్టి, చేతులు జోడించాడు. చాలాసేపు తల ఎత్తలేదు. ఎత్తాక మందిరం లోపలికి కాస్త వంగి చూశాడు.

"కుడివైపు మూల బంగారు రేకు లేచిపోతోంది పిన్నిగారూ. ఇంకో వానాకాలం ఆగదు. వేయించుకోండి."

"నీకు ఎలా తెలుసు బాబూ?"

"ఇంట్లో వింటుంటాను." అని నా వైపు తిరిగి, సంచీలోంచి ఆ సినిమా నమూనా డిస్కు తీసి చాప మీద పెట్టాడు. "సరే. ఇప్పుడు చెప్పండి. నా నోటి మీద గళ్లు పెట్టింది మీరేనా?"

"నేనే."

"ఎంత నీటుగా పెట్టారండీ. పెదవి కదిలితే గళ్లు కదిలాయి. తల తిప్పితే తిరిగాయి. ఒక్క చోట పక్కకి జరగలేదు."

"పని సరిగ్గా చేయాలి కదా."

"మెచ్చుకుంటున్నాననుకున్నారా?"

డిస్కును నా వైపు జరిపాడు.

"చట్టం ఏమేం దాచమందో నాకంటే మీకే బాగా తెలుసు. మీ ఉద్యోగమే అది. నోరు ఆ జాబితాలో ఉందా పిన్నిగారూ?"

"లేదు."

"మరి నా నోట్లోంచి ఏం బూతు వచ్చిందని? పదకొండేళ్లు ఆ సోఫాలో కూర్చుని అబద్ధం చెప్పాను. ఒక్కసారి కూడా ఎవరూ ఒక్క గడి పెట్టలేదు. నిజం చెప్పిన రోజున నోటికి పెట్టారు. చెబితే దేని మీదైనా పెట్టేస్తారా మీరు? రేపు నా కళ్ల మీద పెట్టమంటే?"

"పెట్టేదాన్నే అనుకుంటాను బాబూ. పద్నాలుగేళ్లుగా చెప్పిన చోట పెడుతున్నాను. ఎందుకని అడగడం అలవాటు పోయింది."

ఈ జవాబు అతను ఊహించలేదేమో, కొంచెం తగ్గాడు. తగ్గింది గొంతు మాత్రమే. మెడ మీద నరం అలాగే ఉంది.

"మీరు విన్నారా? కూత వేయకముందు వచ్చింది కదా మీ దగ్గరికి."

"విన్నాను."

"అయితే?"

"మధ్యలో లేచి టీ పెట్టుకున్నాను. వచ్చి మళ్లీ విన్నాను."

అతను చెప్పింది నాకు మాట మాటగా గుర్తుంది. 'నేను నోంకే కాదు. ఎప్పుడూ కాదు. చిన్నప్పటి నుంచీ నాకు మగవాళ్లే ఇష్టం. డబ్బు కోసం రాలేదు, ఇక్కడికి వస్తే నాలాంటివాళ్లు కనిపిస్తారని వచ్చాను. మీరందరూ చూసింది నిజమే, విన్నది అబద్ధం.' అక్కడ ఒక ఊపిరి తీసుకున్నాడు. తర్వాత మొహం మారింది. 'ఇంట్లో ఒకాయన ఉన్నాడు. పేరు మిచిహికో. యావోలో పూజామందిరాలకు బంగారు రేకు వేస్తాడు. రేకు వేసేటప్పుడు ఊపిరి బిగపట్టాలి, లేకపోతే ఎగిరిపోతుంది. సాయంత్రం ఇంటికొస్తే కనురెప్పల మీద బంగారం పొడి ఉంటుంది. కడుక్కోవద్దంటాను. పదకొండేళ్లుగా అంటున్నాను.'

వింటూ నేనేం ఆలోచించానో దాచను. మా మందిరం లోపల ఉన్న బంగారం కూడా ఇలాంటి ఎవరి చేతులో వేసిందే కదా అనుకున్నాను. అనుకుని, గళ్లు పెట్టాను.

"చిహారు అంటే ఎవరో తెలుసా మీకు?" అని అడిగాడు సెత్సుయా.

"నీ ప్రియురాలు. పళ్ల డాక్టరు దగ్గర నర్సు."

"చూశారా, మీకు కూడా తెలుసు. మొదటి షూటింగు రోజు ఓగురి గారు చేతులు కడుక్కుని తుడుచుకుంటూ వచ్చి పెట్టిన పేరండీ అది. పేరు, ఉద్యోగం, పుట్టినరోజు, అన్నీ ఒక్క తువ్వాలుతో తుడుచుకునేంతసేపట్లో. పదకొండేళ్లు నడిచింది ఆవిడతో నా కాపురం. ఆవిడకు ఉత్తరాలొస్తాయి. చేతిరుమాళ్లొస్తాయి. హిమేజీ నుంచి ఒక పెద్దాయన ఏటా ఆవిడ పుట్టినరోజుకు కేకు పంపుతాడు. మా ఇంట్లో మిచిహికో ఆ కేకు కోసి తింటూ, చిహారు గారికి నా తరఫున దండాలు చెప్పు అంటాడు." డిస్కు అంచు వేలితో తడిమాడు. "మొదట్లో నవ్వుతూ అనేవాడు."

బయట వాన పెరిగింది.

"ఆ మాట చెప్పి ఇంటికెళ్లి, మిచిహికోకి మొత్తం చెప్పాను. చెప్పేశానురా, నీ గురించి కూడా చెప్పేశాను అన్నాను. ఏం మాట్లాడలేదు. ఇంకాస్త అన్నం పెట్టాడు. సంతోషం పట్టలేక మాట రావట్లేదనుకున్నాను. ఈ డిస్కు ఇంకా వాడికి చూపించలేదు. ఎలా చూపించను?"

ఆ రోజు మధ్యాహ్నం మూడు గంటలకు మాస్టర్ డిస్కు అచ్చు ఫ్యాక్టరీకి వెళ్లిపోతుంది. వెళ్లాక ఇక మార్చడానికి ఉండదు. అసలు బొమ్మలున్న డ్రైవు నా బల్ల మీదే ఉంది, ఆ రోజే తిరిగి ఇచ్చేయాల్సింది. దాన్ని తువ్వాల్లో చుట్టి సంచీలో పెట్టుకున్నాను.

"పద బాబూ. ఇద్దరం వెళ్దాం."

"మీరెందుకు?"

"డ్రైవు ఇవ్వడానికి. దారిలోనే కదా నీ దెబ్బలాట కూడా."

దోయామా, మగవాళ్లను ఇష్టపడే మగవాళ్లు చేరే వీధి, అక్కడ మూడో అంతస్తులో మా ఆఫీసు. కింద బార్లన్నీ పగలు కనుక షట్టర్లు వేసి ఉన్నాయి. ఓగురి గారు బల్ల దగ్గర కూర్చుని చల్లటి సోబా నూడుల్స్ తింటున్నారు. అరవై దాటిన మనిషి. ఇరవై ఆరేళ్లుగా ఇదే వీధిలో ఉన్నారు. ఆయన కూడా మగవాళ్లను ఇష్టపడే మనిషేనని వీధిలో అందరికీ తెలుసు, వీధి దాటితే ఎవరికీ తెలియదు.

"ఏంట్రా ర్యూగా, తడిసి ముద్దయ్యావు. అదుగో తువ్వాలు. ఇనుయ్ గారూ, డ్రైవు తేవడానికి ఇంత వానలో మీరెందుకండీ రావడం, కొరియర్‌ను పంపేవాళ్లం కదా."

"నా నోటి మీద గళ్లెందుకు పెట్టించారు?" అన్నాడు సెత్సుయా.

"తిననీరా."

"తినండి. మీ నోటి మీద ఎవరూ ఏమీ పెట్టలేదుగా."

ఓగురి గారు చాప్‌స్టిక్స్ కింద పెట్టారు. కళ్లజోడు నుదుటి మీదికి తోసుకున్నారు.

"కూర్చో. చిన్నపిల్లాడివి కాదు. ఈ వ్యాపారం నీకు నేర్పాల్సిన పని లేదు. మన సరుకు కొనేవాడు ఎవడు? మనలాంటివాడే. వాడికి కావలసింది ఎవడు? మనలాంటివాడు కాదు. ఆఫీసులో పక్క కుర్చీలో కూర్చుని రోజంతా పెళ్లాం గురించి చెప్పేవాడున్నాడే, వాడు ఒక్కసారి తనవైపు తిరిగితే చాలునని వీడి కల. ఆ కలకి పేరు నోంకే. ఆ పేరు నేను పెట్టలేదు. ఈ వీధి పెట్టింది. నేను అమ్ముతాను, అంతే."

"అంటే మనలాంటివాడి మొహం మనలాంటివాడికే అసహ్యం."

"నేను ఆ మాట అనలేదు."

"మీరు అచ్చు వేయిస్తారుగా, అనడమెందుకు? మూడక్షరాలు, ఎర్ర రంగులో. నాలాంటి కుర్రాడు పద్దెనిమిదేళ్లు దాటి మొదటిసారి ఈ వీధికొచ్చి, నాలాంటివాడు ఎక్కడైనా ఉన్నాడా అని ఆ కవర్లు తిరగేస్తాడు. ప్రతి కవరూ వాడికి ఏం చెబుతుంది? నీలాంటివాళ్లు ఎవరూ లేరురా, వీళ్లందరికీ చిహారులున్నారు, వీళ్లు డబ్బు కోసం వచ్చారు అని. నేను తిరగేశాను ఓగురి గారూ. ఇదే వీధిలో. మీ కవర్లే."

"వాడు సిగ్గుపడుతూ వస్తాడురా. వాడికి ఓదార్పు కావాలి."

"సిగ్గు మీరే అమ్మి, ఓదార్పు కూడా మీరే అమ్ముతారా? బాగుందండీ. మరి మీరు ఇంటికి పట్టుకెళ్లేవి ఏ కవర్లు?"

ఓగురి గారి మొహం ఎర్రబడింది. పెద్దవాళ్లతో మాట్లాడే పద్ధతి ఇది కాదని నాకు తెలుసు. అయినా సెత్సుయా గొంతు ఎక్కడా పెరగలేదు, 'గారూ' ఎక్కడా జారలేదు. అందుకే వినడానికి మరీ కష్టంగా ఉంది.

"అయిపోయిందా?" అన్నారు ఓగురి గారు. "నన్ను తిట్టడం అయిపోతే ఒక సంగతి చెబుతాను. ఆ గళ్లు అడిగింది నేను కాదు. మీ మిచిహికో."

సెత్సుయా నవ్వాడు. "మిచిహికోకి ఈ ఆఫీసు మెట్లు ఎక్కడున్నాయో కూడా తెలియదు."

"పోయిన గురువారం వచ్చాడు. నువ్వు నిలబడ్డావే, ఆ పక్క కుర్చీలోనే కూర్చున్నాడు. టీ ఇస్తే తాగలేదు. కనురెప్పల మీద బంగారం మెరుస్తోంది. అప్పటిదాకా నువ్వు కెమెరా ముందు చెప్పింది కవిత్వం అనుకున్నాను. నిజంగానే మెరుస్తోంది."

సెత్సుయా కుర్చీ వీపు పట్టుకున్నాడు.

"వాళ్ల పెద్దమేస్త్రీకి పిల్లల్లేరట. వచ్చే నెల వర్క్‌షాపు మిచిహికో చేతిలో పెడుతున్నాడట. పని ఇచ్చేవి గుళ్లు. పూజారులు. యావోలో రేకు వేసే చోట్లు ఎన్ని మిగిలాయిరా, నువ్వు పేరుతో సహా చెప్పాక కనుక్కోలేకపోవడానికి? దాచండి అని అడిగాడు. దాచాను. ఇప్పుడు వెళ్లి వాణ్ణి అడుగు ఎందుకని."

కోపం ఉన్న మనిషిని చూశాను ఇందాకటి నుంచీ. ఇప్పుడు కోపానికి నిలబడే చోటు లేకుండా పోయిన మనిషిని చూశాను. తన మాట తను చెప్పుకుంటూ, దాంతోపాటు ఇంకొకడిది కూడా వీధిలో పెట్టాడు. ఆ సంగతి అతనికి ఇప్పుడే తెలుస్తోంది. ప్రేమతో చేసిన తప్పు కనుక చిన్నదవుతుందా? నాకు తెలియదు.

అప్పుడే నాకు ఒక విషయం తట్టింది. నేను పెద్ద చదువులు చదవలేదు, కానీ సెకన్లు లెక్కపెట్టడం నా పని.

"ఓగురి గారూ, శుక్రవారం మీరు పంపిన చీటీలో పద్దెనిమిదో సెకను నుంచి అని ఉంది."

ఆయన నా వైపు చూశారు. నేను ఇంకా గదిలో ఉన్నానని మర్చిపోయినట్టున్నారు.

"పద్దెనిమిది నుంచి నలభై దాకా గళ్లు పెట్టమని చీటీ. అలాగే పెట్టాను. గంట తర్వాత మీరే ఫోన్ చేసి, మొదటి నుంచీ పెట్టేయండి అన్నారు. మళ్లీ కూర్చుని పెట్టాను. అప్పుడు అడగలేదు. ఇప్పుడు అడుగుతున్నాను. పద్దెనిమిదో సెకను అంటే 'ఇంట్లో ఒకాయన ఉన్నాడు' అన్న చోటు. ఆ మిచిహికో గారు దాచమన్నది అక్కడి నుంచే కదా? ముందున్నది ఈ అబ్బాయి తన గురించి చెప్పుకున్నది. దాన్ని దాచమని ఎవరు అడిగారు?"

"ఇనుయ్ గారూ," అన్నారు ఆయన మెల్లగా, "గళ్లు పెట్టడం మీ పని. ఎక్కడ పెట్టాలో చెప్పడం నా పని."

"అవునండీ. పద్నాలుగేళ్లుగా అంతే. నేను దాచినవన్నీ చట్టం దాచమన్నవి. దాచడం వేరు, అబద్ధం చెప్పడం వేరు అని నాకు నేను చెప్పుకుంటూ బతికాను. మొన్న మీరు నాతో అబద్ధం చెప్పించారు. పొద్దున మందిరం ముందు కూర్చుంటే బుద్ధుడి పేరు నోట్లోంచి రాలేదు. ఈ అబ్బాయి నోరు మూసి వచ్చి, నా నోరు ఎలా తెరవను?"

నా గొంతు అంత గట్టిగా ఉండగలదని నాకు తెలియదు. కోపం వచ్చి ఎన్నేళ్లయిందో కూడా గుర్తులేదు.

సెత్సుయా ఓగురి గారినే చూస్తున్నాడు. "మిచిహికో సగమే అడిగాడా?"

ఓగురి గారు సోబా గిన్నె మూత వెతికి పెట్టారు. "మొదటి ముక్క వదిలితే కవరు మీద ఏం వేయను? చెప్పరా. నోంకే అని వేసి, లోపల నువ్వే కాదు అంటుంటే? పాత సినిమాలన్నీ ఏమవుతాయి?"

"నిజం అవుతాయి," అన్నాడు సెత్సుయా.

నేను మాస్టరు ఉన్న ఎడిటింగు బల్ల దగ్గరికి వెళ్లి సంచీలోంచి డ్రైవు తీసి తగిలించాను. ఓగురి గారు లేచారు.

"దాన్ని ముట్టుకుంటే రేపట్నుంచి మీకు ఇక్కడ పని లేదు."

"నేను పెట్టినవి నేను తీస్తున్నానండీ. పెట్టడానికి రెండు గంటలు పట్టింది. తీయడానికి పది నిమిషాలు."

ఆయన నా చెయ్యి పట్టుకోలేదు. పట్టుకుంటారేమోనని భయపడ్డాను, కానీ పట్టుకోలేదు. కిటికీ దగ్గరికి వెళ్లి వాన చూస్తూ నిలబడ్డారు. ఆపడం ఆయనకు చేతకాకనా, ఇష్టం లేకనా అని ఇప్పటికీ అనుకుంటాను.

మొదటి గడి నుంచి తీసుకుంటూ వెళ్లాను. పై పెదవి వచ్చింది. కింది పెదవి వచ్చింది. కూత తీసేశాను. 'నేను నోంకే కాదు. ఎప్పుడూ కాదు' అని సెత్సుయా గొంతు గదిలో వినిపించింది. ఓగురి గారు తిరిగి చూడలేదు. ఆయన మెడ మాత్రం కొంచెం వంగింది. పద్దెనిమిదో సెకను దగ్గర ఆపి, చేతులు ఒళ్లో పెట్టుకున్నాను.

"మిగతాది కూడా తీయండి," అన్నాడు సెత్సుయా నా వెనక నుంచి.

"అది నీది కాదు బాబూ."

"నా నోరు. నా మాట."

"నోరు నీదే. అందులో ఉన్నది ఆయన బతుకు."

"పదకొండేళ్లు కంపెనీ కోసం వాణ్ణి దాచాను. ఇప్పుడు వాడి కోసం వాణ్ణి దాచాలా? నేను బయటికొచ్చి, వాణ్ణి అల్మరాలో పెట్టి తాళం వేయాలా? నాకు చెప్పకుండా ఇక్కడికొచ్చాడు పిన్నిగారూ. నా పక్కన పడుకుని లేచి వచ్చాడు. నాతో ఒక్క మాట అనలేదు."

"అయితే ఆయన్నే అడుగు. ఆయన తీయమంటే తీస్తాను. నువ్వంటే తీయను. నా వల్ల ఒక నోరు మూసుకుపోయింది, చాలు. నా వల్ల ఒక తలుపు బద్దలవడం నాకిష్టం లేదు."

అతను మౌస్ మీద చెయ్యి వేశాడు. నేను లేవలేదు. ఒక నిమిషం అలాగే ఉన్నాం, అతని చెయ్యి మౌస్ మీద, నా చేతులు ఒళ్లో. తర్వాత చెయ్యి తీసి జేబులోంచి ఫోన్ తీశాడు. ఒంటిగంట దాటింది. రేకు వేసేటప్పుడు ఫ్యాను కూడా ఆపేస్తారట, ఫోన్లు ముట్టుకోరట. భోజనాల వేళే దొరుకుతాడని చెప్పాడు. నేను వినాలనేమో, స్పీకరు పెట్టి బల్ల మీద ఉంచాడు.

మూడు సార్లు మోగింది.

"చెప్పు," అంది అవతలి గొంతు. నెమ్మది గొంతు.

"ఓగురి గారి ఆఫీసులో ఉన్నాను."

అవతల గిన్నె కింద పెట్టిన చప్పుడు.

"గురువారం వచ్చావట."

"వచ్చాను."

"నాకెందుకు చెప్పలేదురా? నా గురించి నువ్వు సిగ్గుపడుతున్నావని నాకెందుకు చెప్పలేదు?"

"సిగ్గు కాదు." ఊపిరి వినపడింది. "నీకు చెబితే మొత్తం తీసేస్తావు. నాకు ఇబ్బందని తెలిస్తే, ఆ మొదటి మాట కూడా వద్దంటావు. నువ్వు అలాంటివాడివే. అది పోకూడదనుకున్నాను. నేను నోంకే కాదు అని నువ్వు ఆ సోఫాలో కూర్చుని అంటే వినాలని పదకొండేళ్లుగా ఉంది నాకు. నా సంగతి తర్వాత చూసుకుందాం, ముందు అది ఉండనీ అనుకున్నాను. ఉంది కదా? ఉంచారు కదా?"

నేను ఫోన్ వైపు వంగి, "ఉంది బాబూ. ఇప్పుడే వచ్చింది," అన్నాను.

"మీరెవరండీ?"

"గళ్లు పెట్టే ఆవిడని."

ఆయన నవ్వాడు. చిన్న నవ్వు, ఎవరికైనా వినపడుతుందేమోనని ఆపుకున్న నవ్వు. అది ఉన్నట్టుండి మధ్యలో ఆగింది.

"సెత్సుయా," అన్నాడు. గొంతు మారింది. "పెద్దమేస్త్రీ గారు గుమ్మంలో నిలబడ్డారు. గుడి నుంచి ఒకాయన వచ్చారు, ఆయనదనుకుంటాను, మేస్త్రీ గారి చేతిలో ఫోనుంది. అందులోంచి నీ గొంతు వస్తోంది."

కిటికీ దగ్గర ఓగురి గారు వెనక్కి తిరిగారు. ఆయన మొహంలో రక్తం లేదు. "ట్రైలరు," అన్నారు. "ఇవాళ పొద్దున వెబ్‌సైటులో ఎక్కింది. అది కట్ చేసేది బయటి మనిషి. మాటల భాగం షూటింగు అయిన మర్నాడే వాడికి వెళ్లిపోతుంది. అందరూ బట్టలతోనే ఉంటారు కదా, గళ్లకి పంపక్కర్లేదని..."

సెత్సుయా అప్పటికే తలుపు దగ్గర ఉన్నాడు. చెప్పుల్లో సగం పాదాలు దూర్చి, వెనక్కి చూడకుండా మెట్లు దిగుతున్న చప్పుడు. ఫోను బల్ల మీదే ఉంది. మేమిద్దరం దాన్నే చూస్తున్నాం.

అవతల ఒక ముసలి గొంతు అడిగింది, దూరం నుంచి, కానీ స్పష్టంగా.

"ఒరేయ్ మిచిహికో. ఇందులో చెబుతున్నది నీ గురించేనా?"

మిచిహికో ఊపిరి బిగపట్టాడని నాకు అర్థమైంది. తర్వాత వదిలాడు.

"అవునండీ. అది మా ఇంట్లోవాళ్ల గొంతు."

తలుపు వేసిన చప్పుడు వినపడింది. పెద్దమేస్త్రీ లోపలికి వచ్చి వేశారో, మిచిహికోని బయటికి పంపి వేశారో తెలియలేదు.